మూడో కూత

"ఏమే, బండి లాక్ పడిందా?"

"పడిందండీ."

"ఎన్నిసార్లు కూసింది?"

"ఒకసారేనండీ."

"అయితే పడ్డట్టే."

అంతే. ఏలూరు ఆసుపత్రి వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని ఆయన నన్ను అడిగిందీ, నేను ఆయనకి చెప్పిందీ అదే ఆఖరు. పొద్దున్నే గుండె పట్టేసినట్టుందంటే కారులో నేనే తీసుకెళ్ళాను. నేనే నడిపాను. గేటు దగ్గర దింపి, బండి పక్కన పెట్టి, పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆయన అడిగిన మాట అది. నొప్పి ఎలా ఉందో చెప్పలేదు, భయంగా ఉందనలేదు. కుర్చీ లోపలికి తోసుకుపోయారు. తలుపు పడింది. మధ్యాహ్నం ఆ తలుపు తీసి నాకు సంగతి చెప్పారు.

అమ్మాయ్, ఈ ముక్క రాసేసి ముందుకి వచ్చెయ్. ఏడవడానికి కాదు నిన్ను కూర్చోబెట్టింది. నువ్వు మా అక్క కూతురివనీ, తాడేపల్లిగూడెంలో అంగన్‌వాడీ టీచరువనీ, నాకు సంతకం తప్ప రాత రాదు కాబట్టి నేను చెబుతుంటే నువ్వు రాస్తున్నావనీ కూడా రాసెయ్. చదివేవాళ్ళకి తెలియాలి కదా. నా గొంతు బొంగురుగా ఉంటుందని మాత్రం రాయకు. సరే, రాస్తే రాశావులే. ముప్పై ఏళ్ళు చెరువు గట్టు మీద గాలికి ఎదురుగా అరిచిన గొంతు ఇంకెలా ఉంటుంది?

మాది చేపపిల్లల పని. ఏలూరు దాటి కొల్లేరు వైపు వస్తే మాకు రెండు చిన్న చెరువులు. ఆవగింజంత పిల్లని తెచ్చి, వేలెడంత చేసి, పెద్ద చెరువుల వాళ్ళకి ఇస్తాం. ఆయన, నేను, మా మరిది. మాకు పిల్లలు లేరు. చేపపిల్లని పట్టి, నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సంచిలో వేసి, సిలిండరుతో ఆక్సిజన్ కొట్టి, మూతి బిగించి కారులో పెట్టేవాళ్ళం. వెనక సీటు పీకేశాం. ఉండి ఊరు, తాడేపల్లిగూడెం, ఆ వైపంతా ఆ కారులోనే తోలేవాళ్ళం. పిల్లని లెక్కపెట్టడం మాత్రం మొదట్నించీ నాదే. చిల్లుల కప్పుతో ముంచి, గట్టిగా పైకి అంటూ సంచిలో వెయ్యాలి. కొనేవాడికి వినపడాలి, పక్క గట్టు మీదున్న సాక్షికీ వినపడాలి. అలా పోయింది గొంతు.

కారు కొన్న కొత్తలో, మేమిద్దరం నడుంలోతు నీళ్ళలో వల లాగుతుంటే ఎవరో గట్టు మీద కారులోంచి సిలిండరు ఎత్తుకుపోయారు. ఆయన ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడే ఏలూరు వెళ్ళి, కార్లకి కరెంటు పని చేసే భాయ్ దగ్గర అలారం పెట్టించాడు. "ఆకు వచ్చి పడినా అరవాలి భాయ్" అన్నాడట. భాయ్ అలాగే పెట్టాడు. లాక్ పడితే ఒక కూత కూస్తుంది, కుయ్ మని. తీస్తే రెండు కూతలు. ఎవరైనా తట్టారా, ఊరంతా లేచే అరుపు.

అసలు చిక్కు అక్కడే. మా పక్క చెరువుకి ఒక ముసలాయన కావలి. నీటికాకులు గుంపుగా దిగి చేపని మింగేస్తాయని పూటకి పదిసార్లు టపాకాయ కాలుస్తాడు. టపాకాయ పేలగానే గట్టు అదురుతుంది. గట్టు అదిరితే మా కారు అరుస్తుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ మాకది కష్టమనిపించలేదు. రిమోట్ చొక్కా జేబులో ఉండేది. చేతిలో పని ఆపకుండా, గుడ్డ పైనించే వేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. అరుపు సగంలో ఆగిపోయేది. నేను తడి చేతులతో, కొంగుకి కట్టుకున్న రిమోట్ విప్పుకుని, బురదలోంచి గట్టు ఎక్కేసరికి కొల్లేరులో ఉన్న పక్షులన్నీ పక్క జిల్లాకి పోయేవి.

పెద్దకర్మ రోజున వరసగా విస్తళ్ళు వేసి వడ్డిస్తున్నారు. రోడ్డు మీద ధాన్యం లారీ వెళ్ళింది. వాకిట్లో కారు అందుకుంది. పంతులుగారు మంత్రం ఆపేశారు. ఎవరికీ ముద్ద నోట్లోకి పోలేదు. రిమోట్ ఎక్కడ పెట్టానో నాకు గుర్తు రాలేదు. మా మరిది లేచి కారు చుట్టూ తిరుగుతూ, "అన్నయ్య పోయినా దీని గోల పోలేదు!" అన్నాడు. ఎవరో నవ్వారు. నేనే కాబోలు నవ్వింది. తిట్టారు కూడా.

ఆ వారం తిరక్కుండానే మరిది గుమ్మంలో నిలబడి అన్నాడు.

"వదినా, గూడెం నుంచి కొనే పార్టీ ఆదివారం వస్తున్నాడండీ. బండి చూసుకుంటాడు."

"ఏ బండి?"

"మనకి ఎన్ని ఉన్నాయండీ?"

"మరి పిల్లని ఎలా తోలాలయ్యా?"

"ఆటో మాట్లాడదాం. మీరు గట్టు మీద కూర్చుని లెక్క చూసుకోండి చాలు. ఈ వయసులో స్టీరింగు పట్టుకుని తిరగడం ఎందుకండీ? ఊళ్ళో నన్నంటారు."

"నిన్నేమంటారు? మీ వదిన నీకంటే బాగా నడుపుతుందంటారు."

"అది కూడా అంటున్నారండీ" అన్నాడు. కోపంగానే అన్నాడు గానీ అబద్ధం ఆడడు మా మరిది. అదొక్కటి బాగుంటుంది అతనిలో.

కారు కాగితాలు అతని పేరు మీదే ఉన్నాయి. అన్నదమ్ములు కలిసి కొన్నప్పుడు అలా రాయించుకున్నారు. అమ్ముతానంటే నేను ఆపలేను. కానీ అమ్మాయ్, ఆ కారు నాకు కారు ఒక్కటే కాదు. పాతికేళ్ళు ఆయన స్కూటరు వెనక, తరవాత వ్యాన్ వెనక, ఒళ్ళో సంచి పెట్టుకుని ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళాను. యాభై దాటాక గట్టు మీద నాకు కారు నేర్పాడు ఆయన. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, మధ్యలో చక్రాలకి సరిగ్గా చాలినంత దారి. "పడితే ఇద్దరం ఈదుదాం, పోనీ" అనేవాడు. మొదటిసారి నా అంతట నేను ఉండి దాకా వెళ్ళి పిల్లని దింపి వచ్చిన రోజు సాయంత్రం దాకా కారు తాళం చేతిలోంచి వదల్లేదు. సంతోషానికి.

"దాని గోలేగా నీ బాధ. అది మాన్పిస్తే?" అన్నాను.

"మాన్పించడానికేముందండీ? తీగ కోసేస్తే రెండు నిమిషాల పని."

"తీగ కోస్తే లాక్ కూత కూడా పోతుంది. అది ఉండాలి. అరుపు తగ్గాలి."

నా మొహంలోకి చూశాడు. ఆసుపత్రి వరండాలో అతనూ ఉన్నాడు. ఆ మాటలు అతనూ విన్నాడు.

"సరే వదినా. ఆదివారం పొద్దున్న పార్టీ ముందు టపాకాయ కాల్పిద్దాం. అరవకపోతే అమ్మను. మాట. అరిచిందా, మీరు మాట్లాడకూడదు."

"మాట" అన్నాను నేను కూడా.

అప్పటికి గురువారం. కారు పక్కన నిలబడి భాయ్‌కి ఫోన్ చేశాను. అతను ఊళ్ళో లేడు, కూతురి పెళ్ళి పనుల మీద వెళ్ళాడు. వెనక బాజాలు మోగుతున్నాయి.

"బాధపడకమ్మా, చెబుతా చేసుకో" అన్నాడు. "స్టీరింగు కింద చెయ్యి పెట్టు. శనగగింజంత బటన్ తగులుతుంది."

"తగిలింది భాయ్!"

"తాళం ఒక గడి తిప్పి ఆ బటన్ నొక్కి పట్టుకో. బండి ఆగి ఆగి కూస్తుంది. మూడో కూతకి వదిలెయ్. మూడోది అదురు లెక్క, అదురుకి అరవడమన్నమాట. అప్పుడు రిమోట్ మీద లాక్ నొక్కితే తగ్గుతుంది, అన్‌లాక్ నొక్కితే పెరుగుతుంది. నువ్వు లాక్ రెండుసార్లు నొక్కు. పిల్లి ఎక్కినా పలకదు, దొంగ పట్టుకుంటే మాత్రం వదలదు."

"మిగతా కూతలు దేనికి భాయ్?"

"వాటి జోలికి పోకమ్మా!"

ఇంత సులువా! కంప్యూటరు కాదు, కాగితం కాదు, ఒక్క అక్షరం చదవక్కర్లేదు. లెక్కపెట్టడమే. లెక్కంటే నా పనే కదా! చెప్పులు విడిచి కారులో కూర్చున్నాను, గుడిలో కూర్చున్నట్టు. బటన్ పట్టుకున్నాను. కుయ్. కాసేపు ఆగి, కుయ్. నోట్లో లెక్కపెట్టుకుంటూ మూడుకి వదిలాను. లాక్ రెండు నొక్కులు నొక్కాను. దిగి తలుపు వేసి లాక్ చేశాను.

చప్పుడే లేదు!

"ఓ తాతా!" అని పక్క గట్టుకి కేక వేశాను. "దీని నోరు ముయ్యించేశాను చూడు!" ఎగిరినంత పని చేశాను. అప్పుడు తట్టింది. చప్పుడు అస్సలు లేదేంటి? లాక్ పడితే కుయ్ మనాలి కదా? మళ్ళీ తీశాను. లైట్లు మిణుకుమన్నాయి, కూత లేదు. మళ్ళీ వేశాను. లేదు. అంతలో ముసలాయన, నన్ను మెచ్చుకోడానికే కాబోలు, ఒక టపాకాయ వదిలాడు. కారు ఎప్పటిలాగే గొంతు చించుకుంది.

ఉండాల్సింది పోయింది, పోవాల్సింది ఉంది.

మళ్ళీ ఫోన్ చేశాను.

"మూడుకే వదిలావా అమ్మా? నాలుగోదానికి వదిలితే లాక్ కూత పోతుంది."

"మూడుకే వదిలాను భాయ్."

"నాలుగేమో చూసుకో."

"నాకు లెక్క రాదంటావా? లక్షల పిల్లని లెక్కపెట్టిన నోరిది!"

"అయ్యో, అలా అన్నానా? సోమవారం వచ్చి నేనే చూస్తాలే."

"సోమవారానికి బండి ఉండదు భాయ్" అన్నాను. బాజాల్లో అతనికి వినపడలేదు.

శుక్రవారమంతా అదే పని. బటన్ పట్టుకుంటే వచ్చే కూతలు మాత్రం బాగానే వస్తున్నాయి. మూడుకి వదలడం, లాక్ నొక్కడం, దిగడం. లాక్ చేస్తే మౌనం. టపాకాయ పేలితే గోల. ముసలాయన తన డబ్బాలో మందు అయిపోతోందని గోల. ఎనిమిదోసారో తొమ్మిదోసారో లాక్ వేసి, పలకని కారు ముందు నిలబడ్డాను. ఆయన అడిగితే ఇప్పుడు ఏం చెప్పను? ఎన్నిసార్లు కూసిందంటే? అదొక్కటే అమ్మాయ్, ఆ వారంలో నా కళ్ళు తడిసింది అప్పుడొక్కసారే.

శనివారం పొద్దున్న ఉండి నుంచి రైతు వచ్చాడు పిల్లకి. పనికి శనివారమని లేదు, కారు గొడవని లేదు. వల లాగాం. సంచి పట్టుకుని రైతు కూర్చున్నాడు. నేను కప్పు ముంచి అందుకున్నాను.

"లాభం!"

మా పనిలో మొదటి కప్పుని ఒకటి అనరు. లాభం అంటారు. కొన్ని చోట్ల ఒకటి బదులు లాభం అనేసి నేరుగా రెండులోకి పోతారు. మా గట్టు మీద అలా కాదు. మా అత్తగారి నాటి నుంచీ లాభం కప్పు లాభం కప్పే. అది కొన్నవాడి చెరువుకి మేము ఊరికే ఇచ్చేది, లెక్కలోకి రాదు. ఆ తరవాత కప్పే ఒకటి.

"ఒకటి!"

"రెండు!"

తరవాతి కప్పుతో నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. కప్పులో పిల్ల ఎగురుతోంది, నీళ్ళు మోచేతి మీంచి కారుతున్నాయి.

"ఏవండీ, ఆగిపోయారేంటండీ? పిల్ల చచ్చిపోద్ది" అన్నాడు రైతు.

"మీ సంచిలో ఎన్ని కప్పులు పడ్డాయండీ?"

"మూడు."

"నేనెన్ని అన్నాను?"

"రెండు. మొదటిది లాభం కదండీ మరి? ఇప్పుడు లేదంటారా ఏంటి?"

కప్పు నీళ్ళలో పడేసి గట్టు ఎక్కేశాను! తడిచీర కాళ్ళకి చుట్టుకుంటోంది. వెనక నుంచి రైతు, "నా లెక్కో? ఏవండోయ్, నా లెక్కో?" అని అరుస్తున్నాడు.

"మళ్ళీ లాభం నుంచి మొదలెడదాం లెండి! మీకే ఇంకో కప్పు కలిసొస్తుంది!"

"అయితే నిదానంగా రండి!"

రెండు రోజులు కారు మొదటి కూత కుయ్ మన్నప్పుడల్లా నా నోరు లోపల లాభం అనుకుంది. దానికి చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్ళ అలవాటు, దానంతట అదే అనుకుంది. రెండోదానికి ఒకటి. నాలుగోదానికి మూడు! కారుకి కూడా ఒక కప్పు ఊరికే పోస్తున్నాను నేను! భాయ్ చెప్పింది నిజమే. నా లెక్కా నిజమే. కారుకే మా గట్టు లెక్క తెలియదు.

తలుపు తీసుకుని కూర్చున్నాను. చేతులు చీరకి తుడుచుకున్నాను. ముందు ఏది చెయ్యాలి? పందెం అరుపు మీద. కానీ నా వేలు ముందు కూత కోసమే వెళ్ళింది. బటన్ నొక్కి పట్టుకున్నాను.

కుయ్.

నాలిక కరుచుకున్నాను. లాభం అనబోతున్న నోటితో బలవంతాన "ఒకటి" అన్నాను. తప్పు చేస్తున్నట్టు అనిపించింది, నిజం. రెండు. మూడు. నాలుగు. వదిలాను. అన్‌లాక్ నొక్కితే పెరుగుతుందన్నాడు కదా. రెండుసార్లు నొక్కాను. మళ్ళీ బటన్ పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. వదిలాను. లాక్ రెండుసార్లు.

దిగాను. తలుపు వేశాను. రిమోట్ కారు వైపు పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కాను.

కుయ్.

"ఒకసారేనండీ!" అన్నాను పైకి.

"ఎవరితోనండీ?" అన్నాడు రైతు, సంచి ఒళ్ళో పెట్టుకుని.

"మీతోనే లెండి. వస్తున్నా!" అన్నాను. పక్క గట్టుకి కేక వేశాను. "తాతా, ఒక్కటి కాల్చు!"

"ఇదే ఆఖరుదమ్మా, ఇంక అడక్కు!"

పేలింది. నీటికాకులు నల్లగా లేచి చెరువు అవతలకి పోయాయి. కారు నోరెత్తలేదు! గట్టు మీద నేనూ, సంచితో రైతూ, అటు ముసలాయనా, ముగ్గురం కారు వైపే చూస్తున్నాం, అదేదో పాట పాడబోతున్నట్టు. పాడలేదు! రైతుకి ఏమీ తెలియకపోయినా చప్పట్లు కొట్టాడు. లాభం రెండు కప్పులు పట్టుకుపోయాడులే, కొట్టడూ మరి?

ఆదివారం మరిది పార్టీని వెంటబెట్టుకుని గట్టు మీదకి వచ్చాడు. తెల్లచొక్కా మనిషి, నిదానస్తుడు. టైరు తట్టాడు, లోపలికి తొంగి చూశాడు. ముసలాయన ఏలూరు నుంచి కొత్త పెట్టె తెప్పించుకున్నాడు. మరిది చెయ్యి ఊపాడు. ఒకటి పేలింది. మరిది చెయ్యి మళ్ళీ ఊపాడు. రెండోది పేలింది. మూడోదానికి అతనే వెళ్ళి కారుకి పది అడుగుల దూరంలో పెట్టించాడు. పేలింది. కారు మాత్రం కదల్లేదు.

పార్టీ చెవులు మూసుకున్న చేతులు తీసి, "అంతా బాగుందండీ, ఎంత బుద్ధిగా ఉంది! ఇలాంటి బండిని అమ్ముకోవడం ఎందుకండీ?" అన్నాడు.

మరిది నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. ఓడితే మాట్లాడకూడదని కదా ఒప్పందం, గెలిచినా అదే పాటించాను.

"అమ్మడం లేదండీ" అన్నాడు.

"మరి నన్నెందుకు రమ్మన్నారు?"

"టపాకాయలు చూపిద్దామని!" అన్నాను నేను. ఆపుకోలేకపోయాను.

"నాకు నచ్చిందండీ, ఇంకోసారి ఆలోచించండి" అంటూ పార్టీ లాక్ వేసి ఉన్న తలుపు పిడి పట్టుకుని లాగాడు. అంతే! కారు అందుకుంది చూడూ, ఆ మనిషి రెండడుగులు వెనక్కి ఎగిరి బురదలో చెప్పు వదిలేశాడు. దొంగ పట్టుకుంటే వదలదని భాయ్ చెప్పనే చెప్పాడు. కొంగు ముడిలోంచి కాదు అమ్మాయ్, ఈసారి రిమోట్ నా గుప్పిట్లోనే ఉంది. ఒక్క నొక్కు. సగంలో ఆగిపోయింది.

మరిది కాసేపటికి దగ్గరికి వచ్చి, "వదినా, బుధవారం గూడెంలో పిల్లని దింపాలండీ. మీరు తోలతారా?" అన్నాడు.

"ఆటో మాట్లాడవా మరి?"

"వదినా!"

ఆ బుధవారమే ఇది. నేనే నడుపుకుంటూ వచ్చి, పిల్లని దింపేసి, నీ గుమ్మం ముందు బండి పెట్టి వచ్చాను. నిన్ను అడిగింది అసలు ఇదంతా రాయమని కాదు, బటన్ సంగతి నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టమని. అవసరమైనప్పుడు మా మరిదైనా చూసి చేస్తాడని. మొదలెట్టాక ఆగలేదు నేను. నీ పిల్లలకి అన్నం టైమయిపోయిందా? పోనీలే, ఒక్క నిమిషం.

మొదటి కూత ఒకటే, లాభం కాదు అని రాశావా? మూడోది అదురు, నాలుగోది కూత అని రాశావా? తారుమారు చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఏదీ, చదువు. బటన్ ముక్క ఒక్కటే కాదు, మొదట్నించి చదువు, ఆయన లాక్ పడిందా అన్న దగ్గర్నించి. గట్టిగా చదువమ్మా, నాకు వినపడాలి.